బ్యాండ్ విడిపోతే పేరు ఎవరిది?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం. నలుగురు స్నేహితులతో కలిసి హార్డ్ రాక్ బ్యాండ్ పెట్టాడు. చదువు ఆపేస్తానంటున్నాడు. ఇలాంటివి ఎన్నాళ్లుంటాయిరా అంటే, ‘డీప్ పర్పుల్ విడిపోయి మళ్లీ కలవలేదా’ అంటాడు. ఏం చెప్పమంటారు?
- ఒక తండ్రి

జవాబు: ఉదాహరణ మంచిదే ఎంచుకున్నాడు. కాకపోతే విడిపోవడానికీ కలవడానికీ మధ్య ఏం జరిగిందో వాడితోనే చెప్పించండి.

1968లో ఇంగ్లండ్‌లో మొదలైన ఆ బ్యాండ్ మరుసటి ఏడాదే గాయకుణ్నీ బేస్ గిటార్ వాయించే అతణ్నీ మార్చేసింది. కొత్తగా వచ్చిన ఇయాన్ గిలన్, రోజర్ గ్లోవర్‌తోనే అసలు పేరొచ్చింది. 1972 మార్చిలో ‘మెషీన్ హెడ్’ ఆల్బమ్ విడుదలైంది. అదే డిసెంబరులో గిలన్ మానేస్తానని కబురు పెట్టాడు. ఊపిరాడనివ్వని టూర్లు ఒక కారణం, గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్‌తో పొసగకపోవడం ఇంకొకటి. అయినా 1973 జూన్ ఆఖరు దాకా ఒప్పుకున్న కచేరీలు పాడే వెళ్లాడు. 1975లో బ్లాక్‌మోర్ కూడా వెళ్లిపోయాడు, 1976లో బ్యాండే మూతపడింది.

1980లో, మొదట్లో మార్చేసిన పాత గాయకుడు రాడ్ ఎవాన్స్ కొత్తవాళ్లను పోగేసి అదే పేరుతో కచేరీలు మొదలుపెట్టాడు. అసలు బ్యాండ్ తరఫువాళ్లు అమెరికా కోర్టుకెక్కారు. తీర్పు 6,72,000 డాలర్ల పరిహారం. తాను పాడిన మొదటి మూడు ఆల్బమ్‌ల రాయల్టీ కూడా ఎవాన్స్ పోగొట్టుకున్నాడు. పేరు మీద హక్కు ఎవరిదో తేలకపోతే 1984లో గిలన్, బ్లాక్‌మోర్‌లతో ఉన్న ఆ పాత అయిదుగురూ మళ్లీ కలవడానికి ఏం మిగిలేదో ఆలోచించండి. పైగా ఆ ఎనిమిదేళ్లూ అయిదుగురిలో ఎవరూ ఖాళీగా లేరు. బ్లాక్‌మోర్, గ్లోవర్ రెయిన్‌బో అనే బ్యాండ్‌లో, కీబోర్డు వాయించే జాన్ లార్డ్ వైట్‌స్నేక్ అనే బ్యాండ్‌లో, గిలన్ సొంత బ్యాండ్‌లో, తర్వాత బ్లాక్ సబాత్ బ్యాండ్‌లో పనిచేశారు. ఎవరి పని వారికి ఉంది కాబట్టే కలిసినప్పుడు జనం వచ్చారు. అంత చేసీ 1989లో గిలన్‌ను మళ్లీ తీసేశారు, 1992లో పిలిచారు, 1993లో బ్లాక్‌మోర్ మధ్య టూర్‌లోనే వెళ్లిపోయాడు.

కాబట్టి అబ్బాయిని ముందు ఒక కాగితం రాయమనండి. బ్యాండ్ పేరు అయిదుగురిదా, ఇద్దరిదా? వెళ్లిపోయినవాడు దాన్ని వాడుకోవచ్చా? మానేసేవాడు ఎన్ని నెలల ముందు చెప్పాలి? డబ్బు అందరూ కలిసి వేసుకుని కొన్న ఆంప్లిఫయర్, డ్రమ్స్ ఎవరికి పోతాయి?

పాటల వాటా వేరే సంగతి, గొడవలు ఎక్కువగా ఇక్కడే. సాహిత్యం, బాణీ మీద హక్కు ఒకటి. రికార్డింగ్ మీద హక్కు మరొకటి. 1970ల మొదట్లో డీప్ పర్పుల్ పాటలకు అయిదుగురి పేర్లూ వేసుకునేవారు. 1984 ఆల్బమ్‌లో చాలా పాటలకు ముగ్గురి పేర్లే ఉన్నాయి. ఏ పద్ధతైనా తప్పు కాదు, కానీ పాట పూర్తయిన రోజే, రికార్డింగ్‌కు ముందే, పాట పేరు, తేదీ, ఎవరికెంత శాతం అన్నది రాసి, మొత్తం 100 వచ్చిందో లేదో చూసి సంతకాలు పెట్టాలి. పాట హిట్టయ్యాక ‘ఆ రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ బాణీ) నాదే’ అని ముగ్గురంటారు.

మేనేజర్ కమిషన్ దేనిమీదో కూడా రాయాలి. కచేరీకి 100 వచ్చి 40 ఖర్చయిందనుకోండి. వచ్చిన మొత్తంలో 20 శాతమైతే మేనేజర్‌కు 20 పోయి ఒక్కొక్కరికి 8 మిగులుతుంది. ఖర్చులు తీసేశాక లెక్కిస్తే 12 పోయి ఒక్కొక్కరికి 9.6 వస్తుంది.

ఇంకోమాట. ప్రాక్టీసు గదిలో శబ్దం తేలిగ్గా 100 డెసిబెల్స్ దాటుతుంది. ఆ స్థాయిలో చెవులకు సురక్షితమైన సమయం రోజుకు 15 నిమిషాలే. ఇయర్ ప్లగ్స్ లేకుండా వాయించనివ్వకండి. పోయిన వినికిడి తిరిగి రాదు.

డిగ్రీ మాత్రం ఇప్పుడు ఆపొద్దు. సెలవుల్లో, శని ఆదివారాల్లో కచేరీలు చేయనివ్వండి. సొంత పాటలు ఎన్ని అయ్యాయి, డబ్బిచ్చి పిలిచినవాళ్లు ఎందరు, అందులో రెండోసారి పిలిచినవాళ్లు ఎందరు - ఈ మూడు లెక్కలూ పుస్తకంలో రాయమనండి. మిగతా సంగతి పైన చెప్పిన కాగితం మీద అయిదు సంతకాలూ పడ్డాక మాట్లాడుకుందామనండి.