ఎంత దూరం నడిస్తే పిక్క పట్టేస్తోంది?

ప్రశ్న: మా ఆయనకి 58 ఏళ్లండి. తొమ్మిదేళ్లుగా షుగరు ఉంది, రోజుకి నాలుగు చుట్టలు కాలుస్తారు. నాలుగు నెలలుగా ఎడమ పిక్క నొప్పి. రొయ్యల చెరువు గట్టు మీద ఒక చుట్టు తిరిగేసరికి బిగుసుకుపోతుందట, రెండు నిమిషాలు నిలబడితే పోతుందట. కాల్షియం మాత్రలు వాడాం, బలానికి ఇంజెక్షన్లు చేయించాం, వేడి ఇసక కాపడం పెడుతున్నాం. తగ్గలేదు. నరాల బలహీనతేనంటారా?
– ఒక పాఠకురాలు, మలికిపురం

జవాబు: నరాల బలహీనతలా లేదండి. నడిస్తే వచ్చి, నిలబడితే పోయే నొప్పి ఎక్కువగా రక్తం చాలక వచ్చేదే. నడిచేటప్పుడు పిక్క కండరానికి మామూలు కంటే ఎన్నో రెట్లు రక్తం కావాలి. తొడలోంచి దిగే ధమని లోపల కొవ్వు పేరుకుని సన్నబడితే, కూర్చున్నప్పుడు సరిపోయిన రక్తం నడకకి సరిపోదు. నొప్పి పిక్కలో, జబ్బు తొడలో. షుగరు, చుట్ట రెండూ ఉన్న మనిషికి ముందు అనుమానించాల్సింది దీన్నే.

నడుము దగ్గర నరం నొక్కుకున్నా నడకలో పిక్కలు లాగుతాయి. అయితే దానికి ఊరికే నిలబడితే చాలదు, కూర్చోవాలి, లేదా ముందుకి వంగాలి. అలాంటివాళ్లు సైకిలు మీద పక్కూరు వెళ్లొస్తారు, నడవమంటే వీధి చివరిదాకా వెళ్లలేరు. మీ ఆయనకి సైకిలు తొక్కినా అదే పిక్క పట్టేస్తుంటే రక్తనాళం మీద అనుమానం ఇంకా బలపడుతుంది.

పడుకోబెట్టి రెండు పాదాలూ చూడండి. ఎడమ పాదం చల్లగా ఉందా, వేళ్ల మీద వెంట్రుకలు రాలాయా? లోపలి చీలమండ ఎముక వెనక రెండు వేళ్లు మెల్లగా ఆనిస్తే నాడి తగలాలి. గట్టిగా నొక్కితే ఉన్న నాడి కూడా తెలియదు. పాదం పైన కూడా ఒక నాడి ఉంటుంది కానీ, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో సైతం కొందరికి అది చేతికి అందదు, దాన్ని బట్టి కంగారు పడొద్దు.

డాక్టరు దగ్గర చీలమండ బీపీని చేతి బీపీతో పోల్చే పరీక్ష చేయించండి. చీలమండ అంకెని చేతి అంకెతో భాగిస్తే 0.9 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ధమని సన్నబడినట్టే. షుగరువాళ్లలో ఇక్కడొక చిక్కుంది: ధమని గోడల్లో సున్నం పేరుకుని గట్టిపడితే అంకె 1.4 దాటి వస్తుంది, చూసి బాగుందనుకుంటారు. అప్పుడు కాలి వేలి దగ్గర బీపీ గానీ, డాప్లర్ స్కాన్ గానీ కావాలి.

ఇసక కాపడం ఈ రోజే ఆపేయండి. షుగరుతో స్పర్శ తగ్గిన కాలికి చర్మం కాలినా తెలియదు, రక్తం అందని చోట ఆ పుండు మానదు. చుట్ట తగ్గించడం కాదు, పూర్తిగా మానాలి. రక్తం పలచబరిచే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర డాక్టరు రాస్తారు, మందుల షాపులో అడిగి తెచ్చుకోకండి.

నొప్పికి భయపడి నడక మానేయడం అందరూ చేసే తప్పు. పరీక్షలయ్యాక, పాదంలో పుండు లేదని చూసుకుని, డాక్టరు సరేనంటే ఇలా చెయ్యాలి: నొప్పి బాగా తెలిసేదాకా నడవాలి, ఆగాలి, పూర్తిగా పోయాక మళ్లీ నడవాలి. ఆగిన సమయంతో కలిపి 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం మూడు రోజులు, 12 వారాలు. కాలవ గట్టు మీద ఎన్నో కరెంటు స్తంభం దగ్గర నొప్పి మొదలైందో రాసుకోండి. పక్క రక్తనాళాలు, కండరం అలవాటు పడేకొద్దీ స్తంభాలు పెరుగుతాయి.

రాత్రి పడుకున్నా పాదం మండి, మంచం కిందికి వేలాడదీస్తే హాయిగా ఉంటున్నా, వేలు నల్లబడినా, కాలు ఉన్నట్టుండి చల్లబడి తెల్లబోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: నాకు 36. సార్వా ఊడ్పులకి వెళ్లినన్నాళ్లూ రెండు పిక్కలూ బరువెక్కి, రాత్రి కొంకర్లు పోతున్నాయి. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, ఆచంట

జవాబు: దమ్ము చేసిన చేలో వంగి వెనక్కి నడుస్తూ, ప్రతి అడుగూ బురదలోంచి పీకుతుంటే రోజంతా పని పిక్కలదే. కొంకరపోయినప్పుడు మోకాలు చాపి, కాలి వేళ్లని మీ వైపుకి లాగి పట్టుకోండి, వదులుతుంది. పడుకునే ముందు గోడకి రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకి ఆనించి 30 సెకన్లు, అలా మూడుసార్లు. తర్వాత ఆ వెనక మోకాలు కొంచెం వంచి మళ్లీ మూడుసార్లు, లోపలి కండరం అప్పుడే సాగుతుంది. రెండో కాలికీ అంతే. మడమ లేచినా, పాదం పక్కకి తిరిగినా ఫలితం ఉండదు, ఊగకూడదు.

సాయంత్రానికి కాళ్లు వాచి, ఉబ్బిన సిరలు కనిపిస్తుంటే అది వేరే సంగతి, డాక్టరుకి చూపించాలి. ఒక్క పిక్కే వాచి వేడిగా ఉంటే మర్దన చెయ్యొద్దు, లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆయాసం కూడా తోడైతే 108కి ఫోన్ చెయ్యండి. చేలో దిగిన వారం పది రోజులకి జ్వరం, కళ్లు ఎర్రబడడం, పిక్కలు ముట్టుకోనివ్వనంత నొప్పి కలిసి వస్తే ఎలుక జ్వరమేమో చూడాలి. ఎలుక మూత్రం కలిసిన నీరు కాలి పగుళ్లలోంచి లోపలికి వెళ్తుంది. 'పొలంలో పనిచేశాను' అని మీరే డాక్టరుకి చెప్పండి, అడగరు.