షరతు మీద చెల్లించే సొమ్ము: లెక్క ఎప్పుడు కట్టాలి?

ప్రశ్న: నేను అకౌంటింగ్‌లో పీజీ చివరి ఏడాది చదువుతున్నాను. ఒక ఇంటర్వ్యూలో కంటింజెంట్ కన్సిడరేషన్ (వ్యాపారాన్ని కొన్నాక, ఒప్పుకున్న షరతు నెరవేరితే అమ్మినవారికి చెల్లించే సొమ్ము) గురించి అడిగితే, చెల్లించాల్సి వస్తుందని ఖాయమయ్యాక నమోదు చేస్తామని చెప్పాను. తప్పన్నారు. పొరపాటు ఎక్కడుంది? వాల్యుయేషన్ (వ్యాపారాలకు, ఆస్తులకు విలువ కట్టే పని) వైపు వెళ్లవచ్చా?

జవాబు: మీ సమాధానం పాత పద్ధతికి దగ్గరగా ఉంది. వ్యాపార కొనుగోళ్లకు వర్తించే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణమైన ఐఎఫ్‌ఆర్‌ఎస్ 3, 2004 నాటి రూపం ప్రకారం, చెల్లింపు జరిగే అవకాశం ఎక్కువగా ఉండి, మొత్తాన్ని నమ్మకంగా అంచనా వేయగలిగితేనే దాన్ని కొనుగోలు ఖరీదులో కలిపేవారు. ఆ తర్వాతి హెచ్చుతగ్గులను గుడ్‌విల్‌లో (కొన్న నికర ఆస్తుల విలువకు మించి ఇచ్చిన ఖరీదులో) సర్దేవారు. 2008లో ప్రమాణాన్ని సవరించాక, కొనుగోలు తేదీనాటి ఫెయిర్ వాల్యూకే (ఆ రోజు మార్కెట్‌లో పలికే విలువకే) నమోదు చేయాలి. చెల్లింపు జరిగే అవకాశం తక్కువైతే ఆ విలువ తగ్గుతుందే గానీ నమోదు ఆగదు.

ఒక ఉదాహరణ చూడండి. కొన్న వ్యాపారం రెండేళ్ల చివరికి అమ్మకాల లక్ష్యాన్ని పూర్తిగా చేరితే 20 కోట్లు, కొంతవరకు చేరితే 10 కోట్లు, చేరకపోతే ఏమీ ఇవ్వనక్కర్లేదని ఒప్పందం అనుకుందాం. ఈ మూడింటికీ వరుసగా 30, 40, 30 శాతం అవకాశం ఉందనుకుంటే సగటు 10 కోట్లు. ఏడాదికి 10 శాతం చొప్పున రెండేళ్లకు డిస్కౌంట్ చేస్తే, అంటే నేటి విలువకు తగ్గించి లెక్కిస్తే, 8.26 కోట్లు. తొలిరోజు అప్పుగా చూపేది ఇంతే. ఏడాది గడిచేసరికి వ్యాపారం పుంజుకుని అవకాశాలు 70, 20, 10 శాతంగా మారితే, 16 కోట్ల సగటును మిగిలిన ఒక్క ఏడాదికి డిస్కౌంట్ చేయగా 14.55 కోట్లు వస్తుంది. పెరిగిన దాదాపు 6.3 కోట్లు గుడ్‌విల్‌లోకి కాదు, నేరుగా లాభనష్టాల ఖాతాకు నష్టంగా వెళ్తాయి. కొన్న వ్యాపారం బాగా నడిచినందుకే కొన్నవారి లాభం తగ్గడం విడ్డూరంగా కనిపిస్తుంది. అనుభవమున్నవారు కూడా ఇక్కడ తడబడతారు.

కొనుగోలు తేదీ నాటికే ఉన్న పరిస్థితుల గురించి కొత్త సమాచారం ఆలస్యంగా తెలిస్తే మాత్రం, ఏడాదికి మించని కొలత గడువులో గుడ్‌విల్‌ను సవరించవచ్చు. లక్ష్యాన్ని చేరడం ఆ తేదీ తర్వాత జరిగిన సంగతి కాబట్టి అది ఈ వెసులుబాటు కిందికి రాదు. చెల్లింపును అప్పుగా కాక ఈక్విటీగా (వాటాదారుల మూలధనంగా) వర్గీకరిస్తే అసలు తిరిగి కొలవరు.

నా దృష్టిలో ఈ పనిలో కష్టమైనది గుణకారం కాదు, ఒప్పందాన్ని చదవడం. అమ్మినవారు ఉద్యోగం మానేస్తే ఆ సొమ్ము దానంతటదే రద్దవుతుందని ఒక్క వాక్యం ఉన్నా, అది కొనుగోలు ఖరీదు కాకుండా పోతుంది. కొనుగోలు తర్వాత వారు చేసే సేవలకు జీతంగా లెక్కించాలి. లక్ష్యం మార్కెట్ ఒడుదొడుకులతో ముడిపడి ఉంటే పై సాదా సగటు కూడా సరిపోదు, ఆప్షన్ల ధర కట్టే ఆప్షన్ ప్రైసింగ్ నమూనాలు, యాదృచ్ఛికంగా వేల పరిస్థితులను కంప్యూటర్‌లో నడిపి చూసే మాంటే కార్లో సిమ్యులేషన్ అవసరమవుతాయి.

అందుకే సంభావ్యతా శాస్త్రం, స్ప్రెడ్‌షీట్ రెండింటి మీదా గట్టి పట్టు సంపాదించండి. ఏదైనా పెద్ద కంపెనీ వార్షిక నివేదికలో వ్యాపార కొనుగోళ్ల నోట్‌నూ, మార్కెట్‌లో కనిపించని అంచనాల మీద ఆధారపడే మూడో స్థాయి ఫెయిర్ వాల్యూ వివరాలనూ పక్కపక్కన పెట్టుకుని, ఏ అంచనా మారితే అప్పు ఎంత మారుతుందో సొంతంగా కట్టి చూడండి. ఆ పనిలో గంటలు తెలియకుండా గడిస్తే నిస్సంకోచంగా వాల్యుయేషన్‌కు దరఖాస్తు చేయండి. ఇతరులు వేసిన అంచనాలను ప్రశ్నించడమే ఎక్కువ నచ్చితే ఆడిట్ మీకు మెరుగు. అక్కడా ఈ విషయం తప్పక ఎదురవుతుంది.