హోమ్ థియేటర్‌కు రెండున్నర లక్షల వాయిదాలు పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. నేను రేణిగుంట దగ్గర ఒక ప్రైవేటు కంపెనీలో, నా భార్య ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తున్నాం. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 78,000 రూపాయలు చేతికి వస్తాయి. గృహరుణం వాయిదా 27,000, పాప ఫీజుతో కలిపి ఇంటి ఖర్చులు 36,000 అవుతాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 1,40,000 ఉంది. పాప పదో తరగతి చదువుతోంది. మా నాన్నగారు మాతోనే ఉంటారు. తిరుచానూరు రోడ్డులో కొన్న ఫ్లాట్‌లోకి త్వరలో మారుతున్నాం. అక్కడ 2017 నాటి 43 అంగుళాల టీవీ తీసేసి, 75 అంగుళాల టీవీ, ఏడెనిమిది స్పీకర్ల సౌండ్ సిస్టమ్ పెట్టుకోవాలని ఉంది. దుకాణంలో మొత్తం 2,52,000 చెప్పి, నెలకు 14,000 చొప్పున 18 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామన్నారు. థియేటర్ ఖర్చు మిగులుతుంది కదా అన్నది మా ఆలోచన. కేబుల్‌కు 350, బ్రాడ్‌బ్యాండ్‌కు 707, ఐదు ఓటీటీలకు సగటున 1,340 కడుతున్నాం. కేబుల్ తీసేద్దామా? ఇక ముందంతా ఓటీటీ కాలమే కాబట్టి డిపాజిట్‌లోంచి లక్ష తీసి మీడియా కంపెనీల షేర్లు కొంటే మంచిదేనా?

జవాబు: మీరు మూడు విషయాలు అడిగారు గానీ మూడింటికీ మూలం ఒకటే. ఇంట్లో సినిమా చూపించే పరికరాలూ, ఆ సినిమాలను అందించే సంస్థలూ రెండూ చాలా వేగంగా మారిపోతున్నాయి. అలా మారే వస్తువు కోసం ఏడాదిన్నరపాటు కదలని అప్పును నెత్తికెత్తుకోవడం సరికాదని నా అభిప్రాయం. కాబట్టి 14,000 రూపాయల ఈ వాయిదా ఇప్పుడు పెట్టుకోవద్దని ముందుగానే చెబుతున్నాను. కొత్త ఇంట్లో పెద్ద టీవీ ఉండాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఆ కోరిక తీరే దారి కూడా ఈ జవాబులోనే చెబుతాను.

మీ లెక్క ప్రకారం నెలకు మిగిలేది 15,000. వాయిదా కట్టాక చేతిలో ఉండేది వెయ్యి రూపాయలు. గృహరుణం, ఇంటి ఖర్చులు కలిపి నెలకు 63,000 తప్పనిసరిగా కావాలి కనుక, మీ డిపాజిట్ రెండు నెలలకు కాస్త మించి ఆదుకుంటుంది, అంతే. కనీసం ఆరు నెలలకు, అంటే 3,78,000 రూపాయలకు అత్యవసర నిధి ఉండాలని నేను అడుగుతాను. ప్రైవేటు ఉద్యోగాలు చేసే దంపతులు, పెద్దవారు ఇంట్లో ఉన్న కుటుంబం అయినప్పుడు ఈ విషయంలో అసలు రాజీపడను. పైగా పాప పదో తరగతి పూర్తికాగానే ఇంటర్ ఫీజు మొదటి విడత కట్టాల్సి వస్తుంది, అప్పటికి టీవీ వాయిదాలు సగం కూడా పూర్తికావు. ఆ నెలలో ఒక్క వాయిదా తప్పినా జరిమానాతో పాటు, అప్పులు సక్రమంగా తీరుస్తున్నారా అని చూపే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది.

నో కాస్ట్ అన్న మాటను కూడా కాస్త విప్పి చూడాలి. సున్నా శాతం వడ్డీ అన్నదే లేదని, వడ్డీని ఇతర రుసుముల రూపంలో దాచి వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఇప్పుడు జరిగేది ఏమిటంటే, నగదు ఇచ్చే కొనుగోలుదారుకు దక్కే తగ్గింపు వాయిదాల కొనుగోలుదారుకు దక్కదు, లేదా ఆ వడ్డీని తయారీదారు, దుకాణం ముందే ధరలో కలుపుకుంటారు. నెలకు 14,000 చొప్పున 18 వాయిదాలను 15 శాతం వార్షిక వడ్డీతో లెక్క కడితే, వాటి నేటి విలువ, అంటే ఇవాళే ఒకేసారి కడితే సరిపోయే మొత్తం, సుమారు 2,24,400 రూపాయలే. మిగతా 27,600 వడ్డీ. క్రెడిట్ కార్డు మీద అయితే ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు 5,000 అదనంగా పడుతుంది, ప్రాసెసింగ్ రుసుము వేరు. దుకాణంలో మీరు అడగవలసిన మొదటి ప్రశ్న నెలవారీ వాయిదా ఎంత అని కాదు, నగదు ఇస్తే ఎంతకు ఇస్తారు అని.

థియేటర్ ఖర్చు మిగులుతుందన్న వాదన లెక్కకు నిలబడదు. మన రాష్ట్రంలో 2022 మార్చి ఉత్తర్వుల ప్రకారం మల్టీప్లెక్స్‌లో సాధారణ సీటు ధర పన్ను కాక 150 రూపాయలు, పన్నుతో 177; నలుగురికి 708. పెద్ద సినిమాలకు అనుమతితో పెంచే ధరలు, తినుబండారాలు, పార్కింగ్ అన్నీ కలిపి ఒక్కోసారి 1,500 అనుకున్నా, మీ 2,52,000 రూపాయలతో 168 సార్లు కుటుంబమంతా థియేటర్‌కు వెళ్లిరావచ్చు. నెలకు రెండు సినిమాల చొప్పున అది ఏడేళ్ల లెక్క. హోమ్ థియేటర్ కొన్నాక మీరు థియేటర్‌కు వెళ్లడం పూర్తిగా మానేస్తారని కూడా నేను అనుకోవడం లేదు.

ఆ ఏడేళ్లలో ఆ పరికరం ఏమవుతుందన్నదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే విషయం. 2007లో నేను తిరుపతిలోనే ఒక దుకాణంలో డీవీడీ ప్లేయర్‌తో కూడిన హోమ్ థియేటర్‌ను రెండేళ్ల వాయిదాలకు కొన్నాను. వాయిదాలు పూర్తయిన కొద్దికాలానికే ఇంట్లో డిస్కులు పెట్టి చూసేవారు లేకపోయారు. స్పీకర్లు బాగానే ఉన్నా, కొత్త టీవీకి కలిపే దారి లేక అటక మీదికి చేరాయి. 2010 ప్రాంతంలో ఎంతో మోజుతో కొన్న త్రీడీ టీవీల కథ కూడా ఇంతే. 2017 నాటికి ఎల్జీ, సోనీ కూడా వాటి తయారీ మానేశాయి. డిస్కులను పోస్టులో పంపడంతో వ్యాపారం మొదలుపెట్టిన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో ఆ సేవనే మూసేసింది. ఇప్పటి స్మార్ట్ టీవీలలో ముందుగా పాతబడేది తెర కాదు, లోపలి సాఫ్ట్‌వేర్. నాలుగైదేళ్లకు అప్‌డేట్లు ఆగిపోతాయి, ఆ తర్వాత యాప్‌లు నెమ్మదిస్తాయి, కొన్ని పనిచేయడం మానేస్తాయి.

మీ పాత టీవీ విషయంలో కూడా బహుశా జరిగింది ఇదే. తెరలో గీతలు, మచ్చలు లేకపోతే, ఓటీటీ యాప్‌లను నడిపే నాలుగైదు వేల రూపాయల చిన్న పరికరం, స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి దాని వెనుక గుచ్చితే అది మళ్లీ కొత్త టీవీలా నడుస్తుంది. మాటలు సరిగా వినబడడం లేదన్నది పెద్దవారున్న ఇళ్లలో తరచూ వినే ఫిర్యాదు, పలుచని టీవీలలో స్పీకర్లు చిన్నవి కావడమే దానికి కారణం. అందుకు టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకర్, అంటే 15,000 రూపాయల లోపు సౌండ్‌బార్ చాలు. ఈ రెండూ ఒకే నెలలో కొనకుండా, రెండు మూడు నెలల మిగులులోంచి నగదుకే కొనండి.

75 అంగుళాలు మీ హాలుకు అవసరమా అన్నది కూడా టేపుతో కొలిచి చూసుకోవలసిన విషయం. సోఫాకూ టీవీకీ మధ్య దూరం తెర మూల నుంచి ఎదురు మూలకు ఉన్న కొలతకు ఒకటిన్నర రెట్లకు కాస్త పైగా ఉంటే చూడడానికి హాయిగా ఉంటుంది. ఆ లెక్కన 55 అంగుళాలకు ఏడున్నర అడుగులు, 75 అంగుళాలకు పది అడుగులు కావాలి. మరో సంగతి. మామూలు ఎస్‌డీ (తక్కువ స్పష్టత) చానల్ చిత్రంలో నాలుగు లక్షల పైచిలుకు చుక్కలుంటే, ఇప్పటి పెద్ద టీవీల 4కె (అధిక స్పష్టత) తెరలో 83 లక్షల చుక్కలుంటాయి, అంటే సరిగ్గా ఇరవై రెట్లు. లేని చుక్కలను టీవీ ఊహించి నింపాల్సిందే కాబట్టి, మీ నాన్నగారు చూసే సీరియల్ 75 అంగుళాల మీద ఇప్పటికన్నా మసకగా కనిపిస్తుంది. నెట్‌ఫ్లిక్స్‌లోనూ 4కె నాణ్యత 649 రూపాయల ప్లాన్‌లో మాత్రమే ఉంటుంది. పెద్ద తెర కొంటే నెలవారీ ఖర్చు కూడా దానితో పాటే పెరుగుతుందని గమనించండి.

మీరు తెచ్చుకున్న కొటేషన్ ఎప్పటిదో కూడా చూడండి. 32 అంగుళాలకు మించిన టీవీలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు ధర మారకపోతే చివరి ధర దాదాపు 8 శాతం తగ్గాలి. టీవీ ధరలో సింహభాగం ప్యానెల్‌దే, అంటే బొమ్మ కనిపించే తెర పలకదే. రేణిగుంట చుట్టుపక్కల డిక్సన్ టీవీలను, టీసీఎల్ ప్యానెళ్లను తయారు చేస్తున్న సంగతి అక్కడ పనిచేసే మీకు నాకన్నా బాగా తెలుసు. ఆ ప్యానెల్ పగిలితే అతికే పని ఉండదు, మార్చడమే, దానికయ్యే ఖర్చు కొన్నిసార్లు కొత్త టీవీ ధరను తాకుతుంది. తెర పెద్దదయ్యేకొద్దీ ఆ నష్టం కూడా పెద్దదే.

ఇక నెలవారీ చందాలు. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైనప్పుడు ఇంటర్నెట్, టీవీ చానళ్లు, ఫోన్ మూడూ కలిపి నెలకు 149 రూపాయలకే ఇస్తామన్నారు. ఇవాళ మీరు కడుతున్నది 2,397, అంటే ఏడాదికి 28,764. ఈ రంగంలో ముందు ఉచితంగానో చవకగానో అలవాటు చేసి తర్వాత డబ్బు అడగడం మామూలైపోయింది. 2023, 2024 సంవత్సరాల్లో జియోసినిమాలో ఉచితంగా వచ్చిన ఐపీఎల్, 2025లో జియోహాట్‌స్టార్ వచ్చాక చందాకో రీచార్జికో ముడిపడింది. అమెజాన్ ప్రైమ్ వీడియోలో 2025 జూన్ నుంచి డబ్బు కట్టినవారికి కూడా ప్రకటనలు వస్తున్నాయి. పాస్‌వర్డ్ పంచుకోవడాన్ని నెట్‌ఫ్లిక్స్ 2023 జులైలో మన దేశంలో ఆపేసింది; అదే నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో తన బేసిక్ ప్లాన్ ధరను 499 నుంచి 199కి దించింది. ధరలు రెండు వైపులా ఇలా ఊగుతున్నప్పుడు ఐదు చందాలనూ ఏడాది పొడవునా మోయడంలో అర్థం లేదు. థియేటర్లో విడుదలైన తెలుగు సినిమాలు చాలావరకు నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో ఓటీటీకి వస్తున్నాయి. చూడాలనుకున్నవి ఒక కాగితం మీద రాసుకుని, ఒక యాప్‌లో మూడు నాలుగు పోగయ్యాక ఒక నెల చందా కట్టి చూసి, ఆపి మరో యాప్‌కు వెళ్లండి. ఒకటి రెండు చందాలతో నెలకు 450 రూపాయల్లో సరిపెట్టుకుంటే మీకు ఏడాదికి 10,680 మిగులుతుంది. ఆపడం అంటే యాప్ తీసేయడం కాదు. యూపీఐలోనో కార్డులోనో ఆటో పే అనుమతిని రద్దు చేయాలి. రద్దు చేసే దారి కనబడకుండా చేయడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు మార్గదర్శకాలు నిషేధించాయి. అలా ఇబ్బంది పెడితే జాతీయ వినియోగదారుల సహాయకేంద్రం 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

కేబుల్ మాత్రం తీసేయవద్దు. శ్రీవారి కల్యాణోత్సవం ఎస్వీబీసీలో చూసే పెద్దవారికి యూట్యూబ్‌లోనూ అది వస్తుందని మనం చెప్పగలం గానీ, రిమోట్ మీద నంబరు నొక్కితే చానల్ వచ్చే అలవాటును డెబ్బై దాటిన మనిషి చేత మాన్పించడం నెలకు 350 రూపాయల పొదుపుకు తగిన పని కాదు. ఆయన ఎవరినీ అడగకుండా తన టీవీ తాను పెట్టుకోగలగడం ఆయనకు గౌరవం. పొదుపు మీ చందాల్లోంచే మొదలుకావాలి.

షేర్ల గురించి నేను ఇంకా గట్టిగా వద్దంటాను. చూసేవారు పెరగడం, వాటాదారుకు లాభం రావడం రెండూ వేర్వేరు విషయాలు. 2023-27 ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. అంత పెట్టినవారు దాన్ని ప్రకటనలు, చందాల నుంచే రాబట్టుకోవాలి. టీవీ చానళ్ల సంస్థలు జీ, సోనీల విలీనం రెండేళ్లు నలిగి 2024 జనవరి 22న రద్దయ్యాక మార్కెట్ తెరిచిన మర్నాడు జీ షేరు సుమారు 30 శాతం పడిపోయింది. అంతకుముందు 2020 సెప్టెంబరులోనే అది యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ అయిన నిఫ్టీ 50 నుంచి బయటికి వెళ్లింది. ప్రపంచంలోనే పెద్దదైన నెట్‌ఫ్లిక్స్ షేరు కూడా 2022 ఏప్రిల్ 20న, చందాదారులు తగ్గారన్న ఒక్క వార్తతో, ఒకే రోజు 35 శాతం నష్టపోయింది. తర్వాత కోలుకుంది, అది వేరే మాట. ఇలాంటి రోజును తట్టుకోగలిగిన డబ్బు మీ దగ్గర ఇప్పుడు లేదు, ఉన్నది పాప చదువుకూ ఆపదకూ ఉంచిన డబ్బు. అత్యవసర నిధి పూర్తయ్యాక, షేర్ మార్కెట్‌లో ఉండాలనిపిస్తే, ఒక్క రంగాన్ని పట్టుకోకుండా, సూచీలోని కంపెనీలన్నిటిలో డబ్బు పెట్టే ఇండెక్స్ ఫండ్‌లో నెలకు కొంత వేయండి.

స్టిక్, సౌండ్‌బార్ కొనడం అయిపోగానే, దుకాణానికి కట్టాలనుకున్న 14,000ను నెలనెలా రెండుగా విడగొట్టండి. 9,000 అత్యవసర నిధికి, 5,000 టీవీ పేరుతో బ్యాంకులో నెలనెలా కట్టే ఒక రికరింగ్ డిపాజిట్‌కు. అప్పటి నుంచి ఏడాది తిరిగేసరికి, ఇప్పటి డిపాజిట్‌తో కలిపి నిధి వడ్డీ కాకుండానే 2,48,000 అవుతుంది, టీవీ ఖాతాలో 60,000కు పైగా ఉంటుంది. ఆ డబ్బుతో పండుగ తగ్గింపుల సమయంలో మంచి 55 అంగుళాల టీవీని నగదుకు బేరమాడి తెచ్చుకోవచ్చు. స్పీకర్ల మోజు అప్పటికీ అలాగే ఉంటే తర్వాతి ఏడాది చూద్దాం. అందుకోసం ఇప్పుడు చేయవలసింది ఒక్కటే ఉంది: ఫ్లాట్‌లో పెయింటింగ్ మొదలుకాకముందే టీవీ గోడ నుంచి సోఫా వెనుక గోడ దాకా వైర్లు పోయేలా ఒక పీవీసీ పైపు, టీవీ వెనుక అదనంగా మూడు ప్లగ్ పాయింట్లు వేయించమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.