కోడ్ రాసే ఏఐ చేతే బొమ్మలూ వేయించుకోవాలంటే

ఒంగోలులో బీటెక్ చివరి ఏడాది చదువుతున్న ఒకరు రాశారు: "చీమకుర్తిలో మా చిన్నాయనకి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. దానికి వెబ్‌సైట్ చేస్తున్నా, కోడంతా కర్సర్ అనే ఏఐ ఎడిటర్‌లోనే. బొమ్మ కావాల్సినప్పుడల్లా ఇంకో ట్యాబ్‌లో చేయించుకుని, డౌన్‌లోడ్ చేసి, పేరు మార్చి ఫోల్డర్‌లో వేసుకోవాల్సి వస్తోంది. ఇమేజ్ టూల్‌ని నేరుగా కర్సర్‌కే కలపొచ్చంటున్నారు, ఎలా? నాకు చాట్‌జీపీటీ ప్లస్ ఉంది, అది చాలదా?"

చివరి ప్రశ్నకి ముందు చెప్తాను, తికమకంతా అక్కడే. చాలదు. ప్లస్ చందాలో ఏపీఐ వాడకం రాదు. బయటి ప్రోగ్రామ్ ఏదైనా వచ్చి బొమ్మ అడగాలంటే ఏపీఐ, అంటే ప్రోగ్రామ్‌లు మోడల్‌ని నేరుగా వాడుకునే దారి, కావాలి, దాని బిల్లు వేరు, వేసిన ప్రతి బొమ్మకీ డబ్బు పోతుంది.

ఇక కలపడం. దీనికి వాడేది ఎంసీపీ, అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్. ఆంత్రోపిక్ 2024 నవంబరులో అందరికీ ఓపెన్‌గా ఇచ్చిన పద్ధతి ఇది, కర్సర్, క్లాడ్ కోడ్, వీఎస్ కోడ్‌లోని కోపైలట్ లాంటి కోడ్ రాసే ఏఐలు దీన్ని వాడుకుంటాయి. మీ కంప్యూటర్లో ఎంసీపీ సర్వర్ అనే చిన్న ప్రోగ్రామ్ నడుస్తుంటుంది. బొమ్మ కావాలని అసిస్టెంట్ అడిగితే అది ఏపీఐకి పంపి, వచ్చిన ఫైలుని మీ ఫోల్డర్‌లో పెడుతుంది. నోడ్ జేఎస్ (ఇలాంటి సర్వర్లని నడిపేది) వేసుకుని, ఎంసీపీ డాట్ జేసన్ అనే ఫైల్లో సర్వర్ పేరు, దాన్ని నడిపే కమాండ్, మీ ఏపీఐ కీ (మీ ఖాతాని గుర్తించే రహస్య కోడ్) రాసి కర్సర్‌ని మూసి తెరిస్తే, సెట్టింగ్స్‌లో ఆ సర్వర్ పక్కన పచ్చ చుక్క కనిపిస్తుంది.

ఆ ఫైలు ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. ప్రాజెక్టు లోపల డాట్ కర్సర్ ఫోల్డర్‌లో పెడితే, కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌కి పుష్ చేసినప్పుడు (పంపినప్పుడు) కీ కూడా దాంతోపాటు వెళ్లిపోతుంది. కీల కోసం గిట్‌హబ్‌ని గాలించే బాట్లు ఉన్నాయి, తర్వాత ఫైలు తీసేసినా పాత కమిట్లలో (ముందు దాచిన ప్రతుల్లో) కీ అలాగే ఉంటుంది. అందుకే మీ హోమ్ ఫోల్డర్‌లో ఉండే డాట్ కర్సర్‌లో పెట్టండి. ఇప్పటికే పుష్ చేసేసి ఉంటే ఆలోచించకండి, ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోండి. సర్వర్ ఎంచుకునేటప్పుడు కూడా, బొమ్మని డిస్కులో సేవ్ చేసి, ఆ ఫైలు ఎక్కడుందో మాత్రమే తిరిగి చెప్పేదాన్ని చూసుకోండి. కొన్ని బొమ్మ మొత్తాన్నీ బేస్ 64 అక్షరాలుగా మార్చి చాట్‌లోకి పోసేస్తాయి, నాలుగు బొమ్మలకే అసిస్టెంట్ బుర్ర నిండిపోయి మీ కోడ్ సంగతి మర్చిపోతుంది.

అడిగేటప్పుడు సైజు, చోటు, పేరు మూడూ చెప్పండి. ఓపెన్‌ఏఐ వాళ్ల ఇమేజ్ మోడల్ జీపీటీ ఇమేజ్ 1 వేసేవి మూడే సైజులు, పైన బ్యానర్‌కి 1536×1024 సరిపోతుంది. "తెల్లవారుజామున గ్రానైట్ క్వారీ, మనుషులు వద్దు, అక్షరాలు వద్దు, 1536×1024, ఇమేజెస్ ఫోల్డర్‌లో బ్యానర్ పేరుతో పెట్టు, తర్వాత వెబ్‌పీకి మార్చు" అంటే చాలు, వెబ్‌పీ అంటే వెబ్‌సైట్లకి వాడే చిన్న సైజు బొమ్మ ఫైలు. నేను మొదటిసారి కలిపినప్పుడు "బాగా వచ్చేదాకా మారుస్తూ ఉండు" అని టీకి వెళ్లాను, తిరిగొచ్చి చూస్తే ఫోల్డర్‌లో 14 బొమ్మలు, అన్నిటికీ డబ్బు పడింది. ప్రతిసారీ నా అనుమతి అడగాలనే సెట్టింగ్ తీసేయకండి, ఏపీఐ ఖాతాలో ఆటో రీఛార్జ్ ఆపి పెట్టుకోండి.

ఇంకో మాట, మీరు అడగకపోయినా చెప్పాలి. స్లాబుల బొమ్మలు మాత్రం ఏఐతో వేయించకండి. చీమకుర్తి నల్ల గ్రానైట్ బ్లాక్ గెలాక్సీకి పేరొచ్చిందే నల్లరాయిలో మెరిసే ఆ బంగారు చుక్కల వల్ల, అవి బ్రాంజైట్ అనే ఖనిజం రేకులు. చుక్క పెద్దదా చిన్నదా, ఎంత దట్టంగా ఉందో చూసే కొనేవాళ్లు రేటు మాట్లాడతారు. ఏఐ వేసేది ఏ క్వారీలోనూ లేని రాయి. అది చూసి ఆర్డర్ ఇచ్చిన మనిషి కంటైనర్ తెరిచాక మీ చిన్నాయనకి ఏం జవాబు దొరుకుతుంది? స్లాబుని కాస్త తడిపి, ఎండ నేరుగా పడకుండా నీడలో నిలబెట్టి, ఫోన్‌తో తీసినా చాలు. ఏఐ బొమ్మ బ్యానర్‌కీ, వెనకాల డిజైన్‌కీ ఉంచుకోండి.

నెల్లూరు నుంచి ఒకరు: "మా అత్తగారు మలైకాజాలు చేసి అమ్ముతారు. క్లాడ్ కోడ్‌కి ఇమేజ్ టూల్ కలిపి పోస్టర్లు చేస్తున్నా, తెలుగు అక్షరాలు మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి."

ఇమేజ్ మోడల్ అక్షరాన్ని రాయదండీ, గీస్తుంది. 'నెల్లూరు'లో 'ల్లూ' చూడండి, లకారం, దాని కింద ఒత్తు, పక్కన కొమ్ముదీర్ఘం, మూడూ కలిసి ఒకే అక్షరం. గీతలో ఏది కాస్త జరిగినా చదవలేం. కాబట్టి కాజాల పళ్లెం, వెనకాల రంగు మాత్రం బొమ్మగా వేయించి, పైన మూడో వంతు ఖాళీ వదలమనండి. అక్షరాలని హెచ్‌టీఎంఎల్‌లో ఆ బొమ్మ మీద పెట్టమని క్లాడ్ కోడ్‌కే చెప్పండి, పెద్ద అక్షరాలకి గూగుల్ ఫాంట్స్‌లోని రామభద్ర, చిన్నవాటికి మండలి బాగుంటాయి. ఆ పేజీని పీఎన్‌జీగా తీసిమ్మంటే పోస్టర్ సిద్ధం, రేటు మారినప్పుడు ఆ ఒక్క అంకె మార్చుకుంటే చాలు, మళ్లీ బొమ్మకి డబ్బు కట్టక్కర్లేదు. మీది విండోస్ అయ్యుండి సర్వర్ కనెక్ట్ కావడం లేదని వస్తే, కమాండ్‌లో ఎన్‌పీఎక్స్ (నోడ్ ప్రోగ్రామ్‌ని నడిపే మాట) ముందు సీఎండీ, స్లాష్ సీ చేర్చి చూడండి.