‘మైనర్ పెళ్లి చెల్లదు, బిడ్డ మాది కాదు’ అంటున్నారు. ఏం చేయాలి?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా, ఎమ్మిగనూరు దగ్గర పల్లె. ఏటా సుగ్గికి, అంటే పంట కోతల కూలికి, గుంటూరు వైపు పోతాం. ఎదిగిన పిల్లను ఇంట్లో ఒంటరిగా వదల్లేక 2023 మేలో మా అన్న కొడుక్కే ఇచ్చి గుళ్లో పెళ్లి చేశాం. అమ్మాయి పుట్టింది 2006 నవంబరులో. అబ్బాయికి అప్పటికే 25. అమ్మాయి ఇంటర్ సీఈసీ మొదటి ఏడాది రాసి ఆపేసింది. 2024 సెప్టెంబరులో బాబు పుట్టాడు. భయపడి ఆస్పత్రిలో 19 ఏళ్లని చెప్పాం. నాలుగు నెలలకే తల్లీబిడ్డలను మా ఇంట్లో దింపేసి పోయారు. ఇప్పుడు అల్లుడికి వేరే సంబంధం చూస్తున్నారు. అడిగితే, మైనర్ పెళ్లి చెల్లదు, బిడ్డ మాది కాదు, కేసు పెడితే మీరే జైలుకు పోతారు అంటున్నారు. పెద్దమనుషులేమో మూడు లక్షలు తీసుకుని స్టాంపు కాగితం మీద తెగదెంపులు చేసుకోండి, బాబును నీ కొడుకుగా రాయించుకుంటే పిల్లకు మళ్లీ పెళ్లి చేయొచ్చు అంటున్నారు. అమ్మాయి చదువుకుంటానంటే, బిడ్డతల్లిని చేర్చుకోం అని కాలేజీ వాళ్లు పంపేశారు. తోడబుట్టినవాడే ఇలా చేస్తాడనుకోలేదు.

జవాబు: అమ్మా, మీ అన్న మాట తప్పాడా లేదా అన్నది ఏ కోర్టూ అడగదు. ఈ కేసు తేలేది ఒకే ఒక్క విషయం మీద: మైనర్‌కి చేసిన పెళ్లి దానంతట అదే చెల్లకుండా పోతుందా? పోదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం 3వ సెక్షన్ ప్రకారం దాన్ని కోర్టే రద్దు చేయాలి, అదీ పెళ్లినాటికి మైనర్‌గా ఉన్నవాళ్లు అడిగితేనే. అప్పటికి మైనర్ మీ అమ్మాయి. పాతికేళ్ల అల్లుడికి ఆ హక్కు లేదు, వాళ్ల నాన్నకు అసలే లేదు. ఎత్తుకెళ్లో, అమ్మేసో చేసిన పెళ్లిళ్ల సంగతి వేరు, మీది అది కాదు. కాబట్టి ఈరోజుకి మీ అమ్మాయి అతని భార్యే. ఇంకో పెళ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు పడే నేరం అవుతుంది. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ భర్త బిడ్డేనని సాక్ష్య చట్టమే అంటుంది, కాదని నిరూపించుకోవాల్సిన బరువు అతనిదే. రేపు మీ అమ్మాయి కోరి పెళ్లి రద్దు చేయించుకున్నా బాల్యవివాహ నిషేధ చట్టం 6వ సెక్షన్ బాబును సక్రమ సంతానంగానే చూస్తుంది.

ఇక అందరూ మర్చిపోయేది గడువు. రద్దు కోరే హక్కు 18 నిండాక రెండేళ్ల వరకే. అంటే 2026 నవంబరులో మీ అమ్మాయికి 20 నిండేలోపు పిటిషన్ కోర్టులో పడాలి. పెద్దమనుషులు వచ్చే నెల చూద్దాం, పంటలయ్యాక చూద్దాం అంటూ జరిపేది ఇలాంటి రోజులనే, మీరు ఇప్పటికే ఏడాదికి పైగా వాళ్ల చుట్టూ తిరిగారు. రద్దు కోరితే ఆమెకు మళ్లీ పెళ్లయ్యేదాకా మనోవర్తి, ఉండడానికి చోటు, బాబు ఖర్చులు అదే కోర్టులో అడగొచ్చు, మధ్యంతర ఉత్తర్వు కూడా ఇస్తారు. పెట్టిన డబ్బూ బంగారమూ ఎవరివి వాళ్లకు తిరిగి ఇవ్వాలని కూడా కోర్టు ఆదేశించాలి. రద్దు వద్దనుకుంటే భార్యగానే మనోవర్తి వేసుకోవచ్చు. ఏది కావాలో తేల్చుకోవాల్సింది మీ అమ్మాయి. ఆమెకు 19 దాటాయి, సంతకం ఆమెదే, మీది కాదు.

ఆ స్టాంపు కాగితం జోలికి మాత్రం పోకండి. ఊళ్లో రాసుకునే తెగదెంపుల కాగితంతో పెళ్లి రద్దు కాదు, విడాకులూ రావు, తండ్రి దగ్గర బాబుకు రావాల్సింది వదులుకునే హక్కు తల్లికీ లేదు. ఆ కాగితం పనికొచ్చేది ఒక్కదానికే, ‘డబ్బు తీసుకుని ఒప్పుకున్నారు’ అని అవతలి లాయరు జడ్జికి చూపించడానికి. బాబును మీ కొడుకుగా రాయించడం అంతకంటే ఘోరం. అది దొంగ రికార్డు, నేరం. ఆశా కార్యకర్త రిజిస్టరు, తల్లీబిడ్డల కార్డు, డిశ్చార్జి కాగితం అన్నీ మీ అమ్మాయి పేరు మీదే ఉంటాయి కాబట్టి నిలబడదు కూడా. అంతకు మించి, ఆ ఒక్క సంతకంతో బాబుకు తండ్రి పోతాడు, తల్లి అక్క అయిపోతుంది.

ఆస్పత్రిలో 19 అని చెప్పడం మీరు చేసిన పెద్ద తప్పు. అప్పటికి ఆమెకు 17 ఏళ్ల పది నెలలు, రేపు కోర్టులో ఆ కాగితమే మీకు అడ్డు తగులుతుంది. అయినా టెన్షన్ పడకండి. ఎవరికో డబ్బిచ్చి దాన్ని దిద్దించే పని కూడా పెట్టుకోకండి, ఎందుకు అలా చెప్పామో అఫిడవిట్‌లో నిజం రాయండి. వయసుకు మొదట చూసేది పదో తరగతి మెమో, లేదా స్కూలు ఇచ్చే పుట్టినతేదీ సర్టిఫికెట్. టీసీ ఒక్కటే చాలదని 2023లో సుప్రీంకోర్టు ఒక పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులో చెప్పింది. మెమో పోగొట్టుకుని ఉంటే ఇవాళే నకలుకు దరఖాస్తు పెట్టండి. పెళ్లి ఫొటోలు, లగ్నపత్రిక, గుడి రసీదు, అతని పేరున్న బాబు జనన ధ్రువీకరణ పత్రం ఒకచోట పెట్టండి. ‘బిడ్డ మాది కాదు’ అని వాళ్లు పంపిన వాయిస్ మెసేజ్‌లు ఉంటే ఆ ఫోన్ అమ్మకండి, మార్చకండి.

జైలు సంగతి దాచను. మైనర్ పెళ్లి చేసిన తల్లిదండ్రులకు రెండేళ్ల వరకు శిక్ష ఉంది, ఆడవాళ్లకు జైలు లేదు, జరిమానా ఉంది. అంటే ఇబ్బంది మీ భర్తకు. అవే రెండేళ్లు అల్లుడికీ, వాళ్ల నాన్నకూ వర్తిస్తాయి. బాల్యవివాహ నేరానికి ఫిర్యాదు గడువు మూడేళ్లు, అది 2026 మేతో అయిపోతుంది. పైగా 18 లోపు గర్భం వచ్చింది కాబట్టి అల్లుడి మీద పోక్సో ఉంది. దానికి గడువు లేదు, పెళ్లి చేసుకున్నాడన్నది రక్షణ కాదు, కనీస శిక్షే ఇరవై ఏళ్లు. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలనీ చట్టం అంటోంది. అందుకే దీన్ని మూడు లక్షలను ఐదు చేయించే బెదిరింపుగా ఒక్కసారి కూడా నోట రానివ్వకండి. లాయరు ముందు మీ అమ్మాయి కూర్చుని, అన్నీ తెలుసుకుని మాట్లాడాల్సిన విషయం ఇది.

చదువు గురించి మీరు చివర్లో రెండు ముక్కలు రాశారు గానీ, నాకు అన్నిటికంటే ముఖ్యం అదే అనిపించింది. బిడ్డతల్లి చదవకూడదని ఏ చట్టంలోనూ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భిణులు. ఇంతమందిని గేటు దగ్గర ఆపేస్తే వాళ్లు ఎక్కడికి పోవాలి? ‘చేర్చుకోం’ అన్న మాట రాతపూర్వకంగా ఇమ్మని కాలేజీకి దరఖాస్తు పెట్టండి, ఒక నకలు జిల్లా ఇంటర్ విద్యాధికారికి పంపండి. అడిగితే చాలాసార్లు మనసు మార్చుకుంటారు. ఈలోగా ఏడాది పోకుండా ఓపెన్ స్కూల్ ఇంటర్ గురించి కనుక్కోండి. సీఈసీ ఆర్ట్స్ గ్రూపు కాబట్టి హాజరు మినహాయింపుతో ప్రైవేటుగా రాసే దారి ఉందేమో బోర్డు వాళ్లను అడగండి. బాబుకు అంగన్‌వాడీలో బాలామృతం వస్తుంది, తీసుకోండి. చుట్టుపక్కల పాల్నా శిశు సంరక్షణ కేంద్రం ఉందేమో సూపర్‌వైజర్‌ని అడిగితే క్లాసుల వేళకు తోడు దొరుకుతుంది.

లాయరు ఫీజు గురించి ఆలోచించకండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి కోర్టులోని మండల న్యాయ సేవా కమిటీకి వెళ్లండి. మీరున్న చోటి జిల్లా కోర్టు పరిధిలోనే పిటిషన్ వేయొచ్చు, వాళ్ల ఊరికి తిరగనక్కర్లేదు. ఈ వారంలోనే మీ అమ్మాయిని తీసుకుని వెళ్లండి. మాట్లాడేది ఆమెను మాట్లాడనివ్వండి. మెమో జిరాక్స్ మాత్రమే ఇచ్చి ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి.