లండన్ సర్క్యులర్ డెలివరీ కంపెనీ స్టాంపు అసలుదేనా?

మీ తాతగారి ఆల్బమ్‌లో "లండన్ సర్క్యులర్ డెలివరీ కంపెనీ, ఒక ఫార్దింగ్" అని ఉన్న వాడని స్టాంపు దొరికిందనీ, అది విక్టోరియా రాణి కాలం నాటిదో నకిలీదో తేల్చమనీ అడిగారు. నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటూ ఇలాంటివే సేకరిస్తాను కాబట్టి చెబుతున్నాను: ఈ స్టాంపుల్లో అసలుకీ నకిలీకీ మధ్య మూడో రకం ఒకటుంది, ఎక్కువ తికమక దానితోనే.

సర్క్యులర్ అంటే ఇక్కడ కరపత్రం. అప్పట్లో బ్రిటన్ పోస్టులో ఎంత చిన్న కరపత్రానికైనా ఒక పెన్నీ పడేది. అప్పుడు పౌండుకి 240 పెన్నీలు కాబట్టి, వెయ్యి పంచాలంటే దుకాణదారుకి 4 పౌండ్లు దాటేది. 1865లో ఎడిన్‌బరోలో రాబర్ట్ బ్రైడన్ అనే ప్రింటరు సొంత మనుషులతో, సొంత స్టాంపులతో ఈ పంపిణీ మొదలుపెట్టాడు. పెన్నీలో నాలుగో వంతైన ఫార్దింగ్‌కే పని జరిగేది, అంటే వెయ్యికి పౌండు పైన కాస్త. లండన్, గ్లాస్గో, డండీ, అబర్డీన్, లివర్‌పూల్‌లోనూ ఇలాంటి కంపెనీలు వచ్చాయి. ఉత్తరాల పంపిణీ హక్కు తమదేనని పోస్టాఫీసు కోర్టుకెక్కి, 1867లో వీటిని మూయించింది. కానీ చవక రేటు కావాలని జనం అడిగింది న్యాయమేనని నా అభిప్రాయం. 1870 అక్టోబరు 1 నుంచి పోస్టాఫీసే అచ్చు కాగితాలకు అర పెన్నీ రేటు తెచ్చింది కదా!

ఈలోగా స్టాంపులు సేకరించే పిచ్చి బాగా ముదిరింది. కంపెనీలు పోయినా, కలెక్టర్లకు అమ్మడానికి అవే డిజైన్లను మళ్ళీ అచ్చేశారు. ఆ మూడో రకం ఇదే. కాగితం పాతదే, సిరా పాతదే, కానీ ఏ కరపత్రాన్నీ మోయలేదు. అందుకే తళతళలాడే వాడని స్టాంపు కనిపిస్తే నేను ముందు దీన్నే అనుమానిస్తాను.

ఈ కాలపు నకిలీని పట్టుకోవడం తేలిక. ఆన్‌లైన్‌లో ఒకాయన "1866 ఒరిజినల్" అని అమ్మిన స్టాంపు నా దగ్గరుంది. పది రెట్ల లెన్స్ కింద దాని అక్షరాల అంచులు చిన్న చిన్న రంగు చుక్కలుగా విడిపోయాయి, అంటే ఇంక్‌జెట్. యూవీ (అతినీలలోహిత) టార్చ్ వేస్తే కాగితం నీలి తెలుపుగా మెరిసింది. విక్టోరియా కాలపు కాగితం అలా మెరవదు. నా పేజీలోని మిగతావి ఆ వెలుగులో మెరవకుండా, గోధుమ రంగులోనే ఉన్నాయి.

ఈ రెండు పరీక్షలు దాటినా మీది 1867కు ముందుదని రుజువు కాదు. గట్టి సాక్ష్యం కావాలంటే స్టాంపు నాటి కరపత్రానికే అంటుకుని ఉండాలి. ఆల్బమ్‌లో అలాంటిదేమైనా ఉంటే దయచేసి నీళ్ళలో నానబెట్టి ఊడదీయకండి, విలువంతా ఆ జంటలోనే ఉంది. లండన్‌లోని రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ నిపుణులు సర్టిఫికెట్ ఇస్తారు గానీ, విడి ఫార్దింగ్ స్టాంపుకి ఆ ఫీజు గిట్టుబాటు కాదండి.

ముందు స్టాంపు వెనక వైపు, అంచులు స్పష్టంగా కనిపించేలా ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.