అమ్ములూ, ఉత్తరం వచ్చిన రోజే విప్పు

అమ్ములూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, అమ్ములుకి జర్మనీలోని డ్రెస్డెన్‌లో సీటొచ్చింది, అక్టోబర్‌కి అక్కడుండాలి" అన్నాడు. వాడి గొంతులో సంతోషమూ ఉంది, భయమూ ఉంది. నాకూ అంతే. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. నేను చదివిన ఊళ్ళోనే, నేను నడిచిన దారిలోనే నా మేనకోడలు నడవబోతోందంటే గర్వంగా ఉండదూ? తెల్లవారుజామునే లేచి ఇది మొదలుపెట్టాను. ఫోన్‌లో చెప్తే "సరే అత్తా, సరే అత్తా" అనేసి మర్చిపోతావు.

ముందు చిన్నవి చెప్పేస్తాను. ఆదివారం కొట్లు మూసేస్తారు, శనివారమే పాలూ కూరగాయలూ తెచ్చుకో. రాత్రి పది దాటాక మిక్సీ వెయ్యకు. ప్లాస్టిక్ నీళ్ళ సీసా పారెయ్యకు, కొన్నప్పుడే దాని మీద 25 సెంట్లు డిపాజిట్ కట్టి ఉంటావు, సూపర్ మార్కెట్లో మెషీన్‌లో వేస్తే తిరిగొస్తుంది. తాలింపు పెట్టేముందు కిటికీ బార్లా తెరువు. చలికోటు ఇక్కడ కొనకు, ఇక్కడి కోటు అక్కడి చలికి ఆగదు. సామానులో ఆవకాయ పెట్టుకో, నెయ్యి డబ్బా మాత్రం వద్దు, పాలతో చేసినవి బయటి దేశాల నుంచి తేనివ్వరు. రాత్రిపూటో సెలవు రోజో ఒంట్లో బాగోకపోతే 116117, ప్రాణం మీదికొస్తే 112. ఈ రెండు నంబర్లూ ఫోన్‌లో కాదు, నోటికి వచ్చి ఉండాలి.

డబ్బు సంగతి నీకే తెలుసు. వీసా కోసం ముందే డబ్బు కట్టి ఉంచే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేస్తే నెలకి 992 చొప్పున చేతికొస్తుంది. దాంట్లో అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్ పోను మిగిలిందే తిండికి. ప్రతి యూరోనీ రూపాయల్లోకి లెక్కగట్టకు. నేను వెళ్ళినప్పుడు యూరో యాభైకి కాస్త తక్కువ, అప్పుడే యాపిల్ పండు చేతిలోకి తీసుకుని మళ్ళీ బుట్టలో పెట్టేసేదాన్ని. ఇప్పుడు వందకి అటూ ఇటూ. ఆ లెక్కలు వేస్తూ కూర్చుంటే నువ్వు అన్నం మానేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. పనికి వెళ్ళు, తప్పులేదు. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదంటే 280 సగం రోజులు చేసుకోవచ్చు. మా రోజుల్లో 90 రోజులే. ఆ లెక్క దాటకు. కాగితం లేకుండా చేతికి డబ్బిస్తామనే చోటికి అసలు వెళ్ళకు.

గది ఇంకా దొరకలేదన్నాడు మీ నాన్న. విద్యార్థులకి గదులిచ్చే స్టూడెంటెన్‌వెర్క్ హాస్టల్‌కి ఈరోజే అప్లై చెయ్యి, సీటు కాగితం వచ్చాక చూద్దామని కూర్చోకు. ఎవరో ఫోటోలు పంపి అడ్వాన్స్ అడిగితే, గది చూడకుండా ఒక్క పైసా పంపకు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు సిటీ ఆఫీసులో అడ్రసు నమోదు చేయించుకోవాలి, దాన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి. ఆ కాగితం ఇవ్వననే వాళ్ళ గది ఎంత చవకైనా నీకొద్దు.

చేరిన రోజే, పెట్టె కూడా విప్పకముందే, కింద పోస్టు డబ్బా మీద నీ పేరు అంటించు. అక్కడ ఫ్లాట్ నంబరు చూసి ఉత్తరం వెయ్యరు, పేరు చూసి వేస్తారు. పేరు లేకపోతే వచ్చిన దారినే వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డూ, ఇన్సూరెన్స్ కార్డూ, వీసా ఆఫీసు కబురూ అన్నీ ఆ డబ్బాలోకే వస్తాయి.

ఇంతలా ఎందుకు చెప్తున్నానంటే, నేను చేసిన తప్పు ఒకటుంది. మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

నేను వెళ్ళింది 2002 అక్టోబర్‌లో. దానికి రెండు నెలల ముందే, ఆగస్టు 17న, ఎల్బే నది ఆ ఊళ్ళో 9.40 మీటర్లకి పొంగింది. వైసెరిట్జ్ అని ఇంకో చిన్న ఏరు తన పాత దారి వెతుక్కుంటూ పెద్ద రైల్వే స్టేషన్‌లోకే వచ్చేసింది. నేను దిగేసరికి కొన్ని గోడల మీద బురద చార ఇంకా అలాగే ఉంది. ఈ మాట ఫోన్‌లో నోరు జారి చెప్పేశాను. మీ తాతయ్య 1986 వరదలో లంకలో ఇల్లు వదిలి, పిల్లల్ని ఎత్తుకుని గోదావరి గట్టెక్కిన మనిషి. ఇక ఎప్పుడు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న, "ఏరు ఎంత దూరంలో ఉందమ్మా?" చదువు సంగతి ఆ తర్వాతే.

రెండో ఏడాది హాస్టల్ వదిలి, ఆ ఊళ్ళోనే నోయ్‌స్టాట్‌లో ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఫ్లాట్‌లో చేరాను. ఇంటికి దగ్గరని బ్యాంకు కూడా మార్చాను. ఇన్సూరెన్స్ డబ్బు నెలనెలా పోయేది పాత ఖాతా నుంచి. వాళ్ళకి కొత్త నంబరు చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

నవంబర్‌లో మొదటి ఉత్తరం వచ్చింది. విప్పాను. పేజీ నిండా బారెడు బారెడు మాటలు. నాకు జర్మన్ కూరగాయల కొట్టు వరకే వచ్చు. రేపు డిక్షనరీ పెట్టుకుని చూద్దామని బీరువా కింది అరలో పెట్టాను. ఆ రేపు రాలేదు. రెండోది విప్పనే లేదు. మూడోది చూడగానే కడుపులో తిప్పింది. అప్పుడే ఒక పరీక్ష రెండోసారి పోయింది. మూడోసారి కూడా పోతే ఆ కోర్సు ఇక ముగిసినట్టే. ఆ టెన్షన్‌లో ఏ కవరు చూసినా లోపల "నువ్వు ఇంటికి పో" అని రాసి ఉందనే అనిపించేది. ఫ్లాట్‌లో అమ్మాయి నా పోస్టు గుమ్మం దగ్గర పెడితే, చూడకుండా కట్టంతా తీసుకెళ్ళి ఆ అరలో పడేసేదాన్ని. ఇంటికి ఫోన్ చెయ్యడం కూడా తగ్గించేశాను. నా గొంతు వింటే మీ తాతయ్య కనిపెట్టేస్తారని భయం.

ఫిబ్రవరిలో తర్వాతి సెమిస్టర్‌కి పేరు కొనసాగించుకోవడానికి వెళితే కుదరదన్నారు. ఇన్సూరెన్స్ బాకీ తీరేదాకా పేరు చేర్చరట. పేరు లేకపోతే వీసా లేదు.

ఆ రాత్రి నేల మీద కూర్చుని అరలోవన్నీ బయటికి లాగాను. పదకొండు కవర్లు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చదివాను. ఏడింటిలో ఉన్నది ఒకటే సంగతి: మీ ఖాతా నుంచి డబ్బు రాలేదు, కొత్త నంబరు చెప్పండి. మొదటి దానికే రెండు లైన్లు రాసి పంపితే అయిపోయేది. బాకీ అంతా కలిపి రెండు వందల యూరోలు కూడా లేదు. మూడు ప్రకటనల కాగితాలు. మిగిలింది ఒక పొడుగాటి తెల్ల కవరు, అడ్రసు టైపు కొట్టి ఉంది. ఇదీ ఆఫీసుదే అనుకుని తిప్పాను. మన దేశం స్టాంపులు.

తన చేతిరాత అక్కడి పోస్ట్‌మాన్‌కి అర్థం కాదేమోనని మీ తాతయ్య బజారుకెళ్ళి అడ్రసు టైపు కొట్టించారు. లోపల మాత్రం ఆయన రాతే. నీలం ఇంకు, లైన్లన్నీ కుడివైపుకి దిగిపోతూ, ఒకచోట లైను మీద లైను ఎక్కేసి ఉంది. కంట్లో శుక్లం ముదిరిందనీ, జనవరి 19న ఆపరేషన్ అనీ రాశారు. "ముందురోజు వీలైతే ఒకసారి ఫోన్ చెయ్యమ్మా, నీ గొంతు వింటే ధైర్యంగా ఉంటుంది."

అప్పటికి ఫిబ్రవరి 12. మధ్యలో సంక్రాంతికి ఒకసారి ఫోన్ చేసి రెండు నిమిషాల్లో పెట్టేశాను. ఆయన ఆపరేషన్ మాట ఎత్తలేదు. నేను ఉత్తరం చదివే ఉంటాననీ, తీరిక లేక ఊరుకున్నాననీ అనుకున్నారు.

మర్నాడు ఫోన్ చేసి ఏడ్చాను. "కన్ను బాగానే కనిపిస్తోందిలే, నీ పరీక్ష ఏమైందో చెప్పు" అన్నారు. పోయింది నాన్నా, రెండుసార్లు పోయింది అన్నాను. కాసేపు ఊరుకుని, "పోతే మళ్ళీ రాయి. ఈ కొత్తింటికి ఏరు ఎంత దూరం?" అన్నారు.

ఫ్లాట్‌లో అమ్మాయి దగ్గర అప్పు చేసి బాకీ కట్టాను. కౌంటర్లో ఆవిడ నా కవర్ల కట్ట చూసి ఒక్క మాట అనకుండా, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో పెన్సిల్‌తో రాసిచ్చింది. పరీక్ష మూడోసారికి గట్టెక్కింది. ఆ తెల్ల కవరు ఇప్పటికీ నా బీరువాలో ఉంది, నువ్వు వచ్చినప్పుడు చూపిస్తాను.

నీకు ఆ కష్టం లేదు, ఫోన్ ఎత్తి పట్టుకుంటే ఉత్తరం తెలుగులోనే కనిపిస్తుంది. అయినా మాటలు గుర్తుపెట్టుకో. ఫ్రిస్ట్ అంటే గడువు, దాని పక్కన తేదీ ఉంటుంది, ముందు అది చూడు. మానుంగ్ అంటే కట్టలేదని హెచ్చరిక. పసుపు కవరు వస్తే మరీ జాగ్రత్త. ఇచ్చిన తేదీ పోస్ట్‌మాన్ కవరు మీదే రాస్తాడు, నువ్వు విప్పినా విప్పకపోయినా గడువు ఆ రోజు నుంచే లెక్క. ఆ కవరు పారెయ్యకు. ఇల్లు మారినా, బ్యాంకు మారినా ఎవరెవరికి చెప్పాలో ముందే ఒక కాగితం మీద రాసుకో.

డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడిపోతుంది. పొద్దున ఎనిమిది కావస్తేగానీ సూర్యుడు రాడు. అప్పుడు ఊరికే ఏడుపొస్తుంది. అది నీ తప్పు కాదు, చదువు తప్పూ కాదు. మధ్యాహ్నం ఎండ ఒక్క పావుగంట వచ్చినా ఎల్బే గట్టు మీదికి వెళ్ళి నడువు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అంతా బాగుందని అబద్ధం చెప్పకు. మీ నాన్నకి చెప్పలేనిది నాకు చెప్పు. చలికాలంలో మనం నాలుగున్నర గంటలు ముందుంటాం, నీకు రాత్రి పదకొండైతే నాకు తెల్లవారుజాము మూడున్నర. ఆ వేళకైనా చెయ్యి. నేను తిట్టను. తిట్టినా ఫోన్ పెట్టెయ్యకు.

ఈ ఉత్తరంతో పాటు చిన్న కవరు పంపుతున్నాను. పాస్‌పోర్టులో ఉన్నట్టే నీ ఇంటిపేరూ పేరూ పెద్దక్షరాల్లో అచ్చు వేయించిన చీటీలు, పది. వెనక గమ్ ఉంది. ఒకటి పోస్టు డబ్బాకి, ఒకటి కింద కాలింగ్ బెల్‌కి. మిగిలిన ఎనిమిదీ గది మారినప్పుడు వాడు. అంటించాక ఫోటో తీసి పంపు. ఏరు ఎంత దూరమో కూడా చెప్పు.

మీ అత్త